వెనక వరుసకు వెలుగు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



"ఇంజనీరువి కదా, పనికొచ్చే మాట ఏదైనా చెప్పు" అన్నారు సంఘంవాళ్లు. నా ఉద్యోగం గురించి చెబితే మీరంతా టీకి లేచిపోతారు. అందుకని నా సరదా గురించి చెబుతాను. అది ఫొటోగ్రఫీ, అందులోనూ కెమెరా మీద నుంచి దించి విడిగా వాడే ఫ్లాష్. సాయంత్రం నాలుగింటికి మన గ్రూపు ఫొటో నేనే తీస్తున్నాను కాబట్టి ఇది మీకూ సంబంధించినదే.

మా పదో తరగతి గ్రూపు ఫొటో ఇక్కడ చాలామంది ఇళ్లలో ఉంది. ఆ రోజు చింతపల్లిలో పొద్దుటి నుంచీ వాన. చీకటి పడే వేళకు వరండాలో నాలుగు వరుసల్లో నిలబెట్టారు. కొండ దిగువ నుంచి వచ్చిన ఫొటోగ్రాఫరు కెమెరా నెత్తిన ఫ్లాష్ బిగించి కొట్టాడు. మాస్టార్ల తెల్లచొక్కాలు తళతళలాడాయి. వెనక వరుసలో ఎడమ నుంచి మూడోవాడు, బెంచీ మీద నా పక్కన కూర్చునేవాడు, మసిబొగ్గులా పడ్డాడు. కళ్లూ ముక్కూ ఏమీ లేవు. అడిగితే, "మీ గూడెం పిల్లలే నలుపు, నేనేం చేసేది?" అన్నాడాయన. అందరం నవ్వాం. వాడూ నవ్వాడు.

వాడు ఇప్పుడు లేడు. రెండేళ్ల కిందట వాళ్లమ్మాయి ఆ ఫొటో పట్టుకుని మా ఇంటికొచ్చింది. "బాబాయ్, నాన్న చిన్నప్పటిది ఇదొక్కటే ఉంది. మొహం పెద్దది చేసి ఇస్తావా?" అంది. స్కాన్ చేశాను. కంప్యూటర్లో ఎంత లాగినా నలుపు బూడిద రంగుకి తిరిగింది తప్ప మొహం రాలేదు.

ఆ రాత్రి కాగితం మీద లెక్క వేశాను. ఫ్లాష్ వెలుగు దూరం వర్గాన్ని బట్టి తగ్గుతుంది. తొమ్మిదో తరగతిలో చదివిందే. ముందు వరుస 4 మీటర్ల దూరంలో, వెనక వరుస 6 మీటర్ల దూరంలో ఉన్నాయనుకుందాం. ముందువాళ్ల మీద పడినదాంట్లో వెనకవాళ్లకి సగం కూడా అందదు. పైగా ఆ కాలపు ఆటో ఫ్లాష్, తెల్లచొక్కాల నుంచి తిరిగొచ్చిన వెలుగు చూసుకుని, చాలనుకుని మధ్యలోనే ఆగిపోతుంది. వాడి ఒంటి రంగుని అన్న మాటకి మేం నవ్వాం గానీ, తప్పు ఫ్లాష్ పెట్టిన చోటుది.

అదే ఫ్లాష్‌ను స్టాండు మీద 10 మీటర్ల దూరాన పెడితే? వెనక వరుస 12 మీటర్లు. అప్పుడు వెనకవాళ్లకి ముందువాళ్లతో పోలిస్తే నూటికి 69 పాళ్లు అందుతుంది. తేడా కంటికి పెద్దగా ఆనదు. అయితే 4 మీటర్ల నుంచి 10కి జరిగినందుకు ఆరు రెట్లకు పైగా శక్తి కావాలి. ఏ ఫ్లాష్ కొనాలన్న ప్రశ్న ఇక్కడే వస్తుంది.

నా దగ్గర మూడున్నాయి. మొదటిది పాత వివిటార్ 283. గైడ్ నంబరు 120 అడుగులు, అంటే సుమారు 36 మీటర్లు. దాన్ని ఎఫ్ నంబరుతో భాగిస్తే వెలుగు చేరే దూరం వస్తుంది. ఐఎస్ఓ 100, ఎఫ్ 8 దగ్గర నాలుగున్నర మీటర్లే. ఐఎస్ఓ 400 చేస్తే 9 మీటర్లు. రెండోది యాంగ్‌నువో వైఎన్ 560. పెట్టె మీద గైడ్ నంబరు 58 అని ఉంటుంది. చూసి మురిసిపోకండి. అది వెలుగును 105 మిల్లీమీటర్ల లెన్సుకు సరిపడా ఇరుకుగా కూడగట్టినప్పటి లెక్క. గ్రూపు ఫొటోకి కావలసినంత వెడల్పు చేస్తే పాత వివిటార్‌కీ దీనికీ పెద్ద తేడా లేదు. మూడోది గోడాక్స్ ఏడీ 200. 200 జౌళ్లు, అంటే మామూలు ఫ్లాష్‌కి దాదాపు మూడింతలు. అలాగని మూడింతల దూరం పోదు, 1.7 రెట్లే పోతుంది. మళ్లీ ఆ వర్గం లెక్కే! దాని అసలు సుఖం లిథియం బ్యాటరీలో ఉంది. నిండు శక్తితో 500 సార్లు కొట్టొచ్చు, రెండు సెకన్లకే మళ్లీ సిద్ధం.

డబ్బు తక్కువైతే రెండోది చాలు, ఐఎస్ఓ పెంచుకోవచ్చు. ఇంట్లో తాతల నాటి ఫ్లాష్ ఉందని నేరుగా డిజిటల్ కెమెరాకి తగిలించకండి. కొన్నింటి ట్రిగ్గర్ వోల్టేజీ 200 దాటుతుంది. రేడియో ట్రిగ్గరుతో దూరంగా ఉంచి వాడండి, అదీ ఆ ట్రిగ్గరు అంత వోల్టేజీ తట్టుకుంటుందో లేదో చూసుకుని. లంబసింగి చలిలో తెల్లవారుజామున ఆల్కలైన్ బ్యాటరీలు నీరసపడతాయి. రీచార్జి చేసుకునే నికెల్ బ్యాటరీలు నయం. అక్కడి మంచులో కెమెరా మీది ఫ్లాష్ అసలు కొట్టకండి, మనిషి బదులు తెల్లటి దుప్పటి పడుతుంది. ఫ్లాష్‌ను పక్కకి జరిపితే మనిషీ కనిపిస్తాడు, మంచూ కనిపిస్తుంది. రాత్రిపూట ధింసా తీసేటప్పుడూ అంతే, పక్క నుంచి కొడితే ఒక్కొక్కరి మొహం విడిగా తెలుస్తుంది.

సాయంత్రానికి రెండు స్టాండ్లు తలల కంటే బాగా ఎత్తులో పెడుతున్నాను, ముందువాళ్ల నీడ వెనకవాళ్ల మీద పడకుండా. గాలికి పడిపోకుండా కాళ్ల దగ్గర కాఫీ గింజల బస్తాలు వేయించాను. పిల్లల్ని వాటి మీద ఎక్కనివ్వకండి.

వాళ్లమ్మాయి ఇవాళ వచ్చింది. వెనక వరుసలో ఎడమ నుంచి మూడో చోటు ఆ పిల్లకి వదలండి. మూడుసార్లు కొడతాను, మూడోది అయ్యేదాకా ఎవరూ కదలొద్దు.