మన బడి వరండాలో పుట్టిన సంఘం

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"మన దగ్గర స్వాతంత్ర్య సమరయోధులు ఒక జట్టుగా ఎట్లా కూడారో నువ్వు చూసినవాడివి కదా, పదిహేను నిమిషాలు చెప్పు" అని కార్యదర్శిగారు అడిగారు. చూసిన మాట నిజమే. అది మన బడి పాత బిల్డింగు వరండాలోనే మొదలైంది. 1984లో నేను పదో తరగతి. వాళ్ళ దరఖాస్తులు రాసిపెట్టే పని నాది. ఆ జట్టుకు పేరు లేదు, బోర్డు లేదు, రిజిస్ట్రేషన్ అసలే లేదు. ఉన్నదల్లా ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు. అందులో ఎవరు వచ్చారు, బస్సు చార్జీలకు, స్టాంపు కాగితాలకు ఎవరెంత ఇచ్చారు అన్న లెక్క.

వాళ్ళు దాన్ని "సంఘం" అనేవారు. పిల్లలకు ఆ మాట మామూలుగా వినబడుతుంది గానీ, వాళ్ళ నోట అది వేరు. నిజాం కాలంలో మన పల్లెల్లో సంఘం అంటే ఆంధ్ర మహాసభ. 1944లో భువనగిరి సభ తర్వాత అది వెట్టికి, దొరల జులుంకు ఎదురు నిలిచిన రైతుల సంఘమైంది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు పడిపోయిన తర్వాత సంగతి మీకు తెలిసిందే. మన తాలూకాకు తూర్పున రాచకొండ గుట్టలున్నాయి. దళాలకు అవే ఇల్లు. మన వరండాలో కూచున్న ముసలివాళ్ళలో కొందరు ఆ గుట్టల నుంచి వచ్చినవాళ్ళు, కొందరు చంచల్‌గూడ జైలు నుంచి వచ్చినవాళ్ళు, ఇద్దరు అంతకు ముందు 1938-39 నాటి ఆర్యసమాజ్ సత్యాగ్రహంలో ఉన్నవాళ్ళు.

మరి 1948 నుంచి 1984 దాకా ఊరుకుని అప్పుడెందుకు కలిశారు? నిజం చెప్పాలంటే పింఛను కోసం. స్వాతంత్ర్యానికి 25 ఏళ్ళు నిండిన 1972 ఆగస్టు 15న కేంద్రం సమరయోధులకు పింఛను మొదలుపెట్టింది, నెలకు 200 రూపాయలు. ఏడాదికి 5000 మించి ఆదాయం ఉంటే ఇవ్వలేదు. 1980 ఆగస్టు నుంచి ఆ ఆదాయం నిబంధన తీసేశారు. పేరు కూడా మార్చి సమ్మాన్ పింఛను అన్నారు. ఆరు నెలలు జైల్లోనో అజ్ఞాతంలోనో ఉండి ఉండాలి. ఆడవాళ్ళకు, ఎస్సీ, ఎస్టీలకు మూడు నెలలు చాలు. జైలు రికార్డు చూపాలి. అది దొరక్కపోతే తోటి ఖైదీలు ధ్రువపత్రం ఇవ్వాలి.

చిక్కంతా ఇక్కడే. అజ్ఞాతంలో ఉన్నవాడు కాగితం మిగల్చకుండా బతికినవాడు. పట్టుబడకుండా ఉండడమే వాడి పని. నలభై ఏళ్ళ తర్వాత పట్టుబడనందుకు రుజువు తెమ్మంటే ఎక్కడినుంచి తెస్తాడు? నేను ఇంజనీరును, ఎంబీలో ఎక్కని పని జరగనట్టే అని ముప్ఫై ఏళ్ళు అందరికీ చెప్పినవాణ్ణి. ఆ మాట అన్నప్పుడల్లా నాకు ఆ వరండా గుర్తొచ్చేది.

అందుకే వాళ్ళకు ఒకరితో ఒకరికి పని పడింది. 1964లో కమ్యూనిస్టు పార్టీ చీలినప్పుడు ఒకే బ్యారక్‌లో పడుకున్నవాళ్ళు చెరో పక్కకు పోయారు. పెళ్ళిళ్ళకు పిలుచుకోలేదు. ఇప్పుడు ఒకరి సంతకం ఒకరికి కావాలి. మా హెడ్మాస్టరుగారు ఆదివారాలు వరండా వాడుకోమని ఒకే షరతు పెట్టారు: జెండాలు తేవద్దు, పార్టీ మాట ఎత్తవద్దు. మొదటి ఆదివారం తొమ్మిది మంది వచ్చారు. రెండు బెంచీలు ఎదురెదురుగా వేస్తే ఎవరి పక్కవాళ్ళు వాళ్ళ బెంచీ మీదే కూచున్నారు. మధ్యలో నేను, నా ఇంకు పెన్ను.

ఇంకో చిక్కు తారీఖులు. వాళ్ళకు గుర్తున్నవి ఫసలీ నెలలు. నిజాం సర్కారు ఏడాది అక్టోబరు మొదటి వారంలో ఆజుర్ నెలతో మొదలవుతుంది. 1357 ఫసలీ అంటే 1947 అక్టోబరు నుంచి 1948 అక్టోబరు దాకా. మన ఉర్దూ సారు నెలల వరుస రాసిచ్చారు: ఆజుర్, దై, బహ్మన్, ఇస్ఫందార్, ఫర్వర్దీ, ఉర్దిబిహిష్త్, ఖుర్దాద్, అట్లా. ఏడాదికి 590 కలపాలి, జనవరి నుంచి అయితే 591. నా మొదటి ఇంజనీరింగ్ లెక్క అదే అనుకోండి. ఒకామె రెండు ఆదివారాలు వచ్చింది. "జైలుకు పోలేదు బిడ్డా, గుట్టల్ల ఉండలేదు. రాత్రిపూట అన్నం మోసిన. రాస్తవా?" అంది. ఫారంలో దానికి గడి లేదు. మూడో ఆదివారం ఆమె రాలేదు.

ఇప్పుడు మా తాతయ్య సంగతి. ఆయన చంచల్‌గూడలో ఉన్నాడు. రికార్డు లభ్యం కాలేదని జవాబు వచ్చింది. లోపలికి ఎప్పుడు పోయావు తాతా అంటే "ఖుర్దాద్ షురూల" అన్నాడు. లెక్క వేశాను. 1948 ఏప్రిల్ మొదటి వారం. పోలీసు చర్య సెప్టెంబరు 13న మొదలై 17న నిజాం లొంగిపోవడంతో ముగిసింది. విలీనం కోసం పడ్డ జైలు అక్కడిదాకే లెక్క. ఆ తర్వాత కూడా ఆయన 1952 ఎన్నికల ముందు దాకా లోపలే ఉన్నాడు, కానీ అది మన సర్కారు పెట్టిన జైలు. లెక్కలోకి రాదు. మొత్తం అయిదు నెలల పైన కొన్ని రోజులు. ఆరుకు ఇరవై రోజులు తక్కువ.

చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఫర్వర్దీ అని రాయి" అన్నాడు. ఫర్వర్దీ అంటే ఫిబ్రవరి. నేను రాశాను. ఇవాళ మీ ముందు దాచి లాభం లేదు, నా చేత్తోనే రాశాను.

సాక్షి సంతకం చేయవలసినాయన ఎదుటి బెంచీ మీదివాడు. ఇరవై ఏళ్ళుగా తాతయ్యతో మాటల్లేవు. కాగితం తీసుకుపోయి ఇచ్చాను. అద్దాలు పెట్టుకుని చదివాడు. నాతో కాదు, నా తల మీదుగా తాతయ్యతో అన్నాడు: "అన్నా, నువ్వొచ్చిన్నాడు నీ మూటల పచ్చి మామిడికాయలుండె. ఉప్పద్దుకోని ఇద్దరం తిన్నం. మాఘమాసంల మామిడికాయ యాడిదే?"

సంతకం పెట్టలేదు. తాతయ్య లేచి వెళ్ళిపోయాడు. ఇంటికి పోయాక "నా కడుపు కొట్టిండు" అన్నాడు. రెండు ఆదివారాలు వరండాకు రాలేదు. ఆయన కోపం పార్టీ చీలిక నాటిదో, ఇప్పటిదో నాకు తెలియదు. నా సంగతి అడిగితే, నాకు మాత్రం ఒక బరువు దిగినట్టే అయింది, పైకి అనలేదంతే.

మూడో ఆదివారం వచ్చాడు. ఈసారి ఆ ఎదుటి బెంచీ మీదే కూచున్నాడు. ఆయన దరఖాస్తు అడిగి తీసుకున్నాడు. అందులో తారీఖులు సరిగ్గా ఉన్నాయి, ఆరు నెలలు దాటి ఉన్నాయి. చదివించుకుని, సాక్షిగా సంతకం పెట్టాడు. "తమ్మీ, నీది నిజమే" అన్నాడు. తన ఫారం కూడా తెచ్చాడు. దాని మీద ఫర్వర్దీ కొట్టేసి ఖుర్దాద్ అని ఉర్దూలో తనే రాశాడు. అప్పుడు ఆ తమ్ముడు సంతకం పెట్టాడు.

ఆ ఫారం పంపలేదు. పంపినా ఫలితం తెలిసిందే. తమ్ముడికి రెండేళ్ళకు పింఛను వచ్చింది. మొదటి డబ్బులతో వరండాలో అందరికీ చాయ, మిర్చి బజ్జీ తెప్పించాడు. తాతయ్య రెండు బజ్జీలు తిని "మామిడికాయ తేలేదా?" అన్నాడు.

కొందరి దరఖాస్తులు ఆలస్యమయ్యాయని తిరిగొచ్చాయి. 1993లో ముకుంద్‌లాల్ భండారీ కేసులో సుప్రీంకోర్టు, ఆలస్యం అన్న ఒక్క కారణంతో సమరయోధుల దరఖాస్తు తోసిపుచ్చకూడదని చెప్పింది. ఆ కేసు వేసినవాళ్ళు కూడా మన హైదరాబాద్ సంస్థానంలో ఆర్యసమాజ్ ఉద్యమంలో పాల్గొన్నామన్నవాళ్ళే. తీర్పు వార్త పేపర్లో చదివి వినిపించేసరికి మా తొమ్మిదిమందిలో నలుగురే మిగిలారు. తాతయ్య అప్పటికి లేడు. పాడె మోసినవాళ్ళలో ఆ తమ్ముడు ఒకడు. డెబ్బై దాటిన మనిషి, వద్దన్నా వినలేదు.

నోటుబుక్కు ఎవరింట్లోనో చెదలు పట్టి పోయింది. ఆ ఫారం మాత్రం నా దగ్గరుంది, ఇవాళ తెచ్చాను. భోజనాల దగ్గర చూడొచ్చు. మెల్లగా పట్టుకోండి, మడతల దగ్గర చిరుగుతున్నది.