కావలివాని బత్తెము

కరెంటు పోయినపుడు చిన్న కంప్యూటరు ఆగకుండ కాపాడు యు.పి.యస్. పెట్టెను గుఱించి నేను నాలుగు మాటలు మనవి చేసెదను.

కరెంటు ఉన్నంతసేపు అది ఊరక కూర్చుండునని తలంతుము. కాని బ్యాటరీని నింపియుంచుటకును, తాను మేల్కొనియుండుటకును అది రేయింబవళ్లు విద్యుత్తును తినుచునే యుండును. ఎడతెగక పది వాట్లు తిను పెట్టె యేడాదికి 87.6 యూనిట్లు హరించును. 2012లో వెలువడిన రాస్ప్‌బెర్రీ పై అను అరచేతి కంప్యూటరునకో, మూడున్నర వాట్లు చాలును. యజమాని తిండి కంటె కావలివాని బత్తెమే హెచ్చు గదా!

అట్లని పెట్టెను నెలల తరబడి ఆపి యుంచరాదు. సీసపు బ్యాటరీ నింపక విడిచినచో చెడును. కావున ఇట్టి చిన్న యంత్రమునకు అయిదు వోల్టులను నేరుగా ఇచ్చు బ్యాటరీయే మేలు. ఏది కొన్నను, ఊరక యున్నపు డెన్ని వాట్లు తినునో ముందుగా అడిగి కొనుడు.