దారికి అడ్డొచ్చిన ఇల్లు



మొన్న రాత్రి భోజనాల దగ్గర మావారికీ మా అబ్బాయికీ వాదన వచ్చింది. "చైనావాళ్లను చూడండి నాన్నా, బీజింగు నుంచి షాంఘైకి 1318 కిలోమీటర్ల రైలుమార్గం 2008లో మొదలుపెట్టి 2011లో రైలు నడిపేశారు" అంటాడు వాడు. "జపానువాళ్లు అలాంటి రైలు 1964లోనే నడిపారులే" అంటారు ఈయన. నేను చారు వడ్డిస్తూ, "ఆ దారిలో ఇళ్లున్నవాళ్లు ఏమయ్యారండీ?" అన్నాను. ఇద్దరూ ఒకసారి నా వంక చూసి మళ్లీ తమ రైళ్లెక్కేశారు. జవాబు నేనే వెతుక్కోవలసి వచ్చింది.

చైనాలో పట్టణాల్లో నేల ప్రభుత్వానిది, పల్లెల్లో ఊరి ఉమ్మడి సొత్తు. ఇల్లు మనదే గాని ఇంటికింద మట్టి మనది కాదన్నమాట. అందుకే పనులు చకచకా సాగుతాయి. అయినా కదలనివాళ్లు అక్కడా ఉన్నారు. అటువంటి ఇళ్లను 'మేకు ఇళ్లు' అంటారు, పీకితే ఊడిరానివని. వెన్‌లింగ్‌లో రైల్వేస్టేషనుకు పోయే కొత్త రోడ్డు నట్టనడుమ 2012లో ఒక అయిదంతస్తుల ఇల్లు మిగిలింది. బాతులు పెంచుకునే లువో బావోగెన్ దంపతులది. ఇస్తామన్న సొమ్ము కట్టుకున్న ఖర్చులో సగమైనా కాదని వారి గోడు. చుట్టూ తారు పరిచేశారు, ఇల్లు మాత్రం ఒంటిస్తంభంలా నిలబడింది. ఆ ఫొటో లోకమంతా చూసింది. చివరికి 2,60,000 యువాన్లకు ఒప్పుకుంటే, డిసెంబరు 1న పడగొట్టారు.

జపానులో నేల రైతు సొంతం. మరి అక్కడ అంతా సవ్యంగా జరిగిందా అంటే, అదీ లేదు. 1966లో టోక్యోకు కొత్త విమానాశ్రయం నరీతా దగ్గర కట్టాలని రైతులతో ఒక్కమాటైనా చెప్పకుండా నిశ్చయించేశారు. మర్యాదకు పెట్టింది పేరు అనుకుంటాం గదా జపానుని! 1971లో బలవంతాన భూములు తీసుకోబోతే ఘర్షణలో ముగ్గురు పోలీసులు చనిపోయారు. 1978 మార్చిలో, ఇక ప్రారంభోత్సవమనగా, ఆందోళనకారులు కంట్రోలు టవరులోకి దూరి యంత్రాలు పగలగొట్టారు. మే నెలలో తెరిచారు గాని, ఒక్క రన్‌వేతోనే. 1995లో ప్రధాని మురయామా స్థానికులకు క్షమాపణ చెప్పుకున్నారు. రెండో రన్‌వే 2002లో వచ్చింది, అదీ అనుకున్న 2500 మీటర్లు కాదు, 2180. ఇవ్వని పొలాలు అడ్డు మరి.

"ముప్ఫై ఆరేళ్లా! దండగ" అన్నాడు మావాడు. నాకలా అనబుద్ధి కాలేదు. మొదటిరోజే వెళ్లి ఆ రైతుల అరుగుమీద కూర్చుని మాట్లాడి ఉంటే ఎన్నేళ్లు కలిసొచ్చేవో!

మా పుట్టింటి వీధి వెడల్పు చేసినప్పుడు అమ్మ వంటగది పోయింది. నోటీసు నాన్నగారి పేర వచ్చింది, సంతకం ఆయనే పెట్టారు, డబ్బూ ఆయనకే అందింది. వంటగది ఎవరిదో ఎవరూ అడగలేదు, అమ్మా చెప్పలేదు. రోడ్డు మంచిదే, కాదనను. ఊరికి వెళితే నేనూ అక్కడే బస్సెక్కుతాను. అమ్మ రుబ్బురోలు మాత్రం ఇప్పటికీ మా మేనమామగారి పెరట్లో బోర్లించి ఉంది.

సెలవు.