పాలకూర కట్ట ఎక్కడ కడగాలి?

ఉద్యాన శాస్త్రంలో పట్టాలు అందుకుంటున్న మీకు నా అభినందనలు.

హైదరాబాద్ దాటి మూసీ వెంట పీర్జాదిగూడ నుంచి కిందికి వెళితే, నగరం వదిలిన నీళ్లతో ఎండాకాలంలోనూ పశుగ్రాసం, వరి, ఆకుకూరలు పచ్చగా కనిపిస్తాయి. ఆ గట్టున ఒక తెల్లవారుజామున నేను నిలబడి చూశాను. కోసిన పాలకూరను ఒకామె కట్టలు కట్టింది. వేళ్ల మట్టి పోయేలా ఒక్కో కట్టనూ పక్క కాలువలోనే ముంచి జాడించింది. గంపలో పేర్చి పైన తడి గోనె కప్పింది. కట్టలు నిగనిగలాడుతున్నాయి. ఆమెను తప్పుపట్టే మనసు నాకు రాలేదు. మట్టి ఉంటే ధర పడిపోతుంది, మంచినీళ్ల కుళాయి ఆ దరిదాపుల్లో లేదు.

ఇలాంటి నీటిని శుద్ధి చేశామని ఎవరైనా అన్నప్పుడల్లా ఎంతవరకు శుద్ధి చేశారని అడగండి. మురుగులోకి గాలి పంపి, సూక్ష్మజీవులను పెంచి, బురదను అడుగుకు దించి వదిలితే నీరు తేటపడుతుంది, వాసన తగ్గుతుంది. మలం నుంచి వచ్చే బ్యాక్టీరియా మాత్రం అందులో ఇంకా బోలెడు ఉంటుంది. ఆ తర్వాత వడపోత, క్లోరిన్ వంటి క్రిమిసంహారం కూడా జరిగితేనే పచ్చిగా తినే కూరలకు ధైర్యంగా పెట్టగలం. కాలిఫోర్నియాలోని మాంటరేలో 1980లలో ఐదేళ్లు పొలాల్లోనే పరీక్షించి, 1998 నుంచి సుమారు 12,000 ఎకరాల్లో లెట్యూస్, బ్రకోలీ, స్ట్రాబెర్రీ ఇలా పూర్తిగా శుద్ధి చేసిన నీటితో పండిస్తున్నారు. చిలీ రాజధాని శాంటియాగోలో పచ్చి మురుగునే సలాడ్ కూరలకు పారించారు. అక్కడ ఏళ్ల తరబడి టైఫాయిడ్ వదల్లేదు. 1991లో కలరా వచ్చాక అలా పారించడాన్ని నిషేధిస్తే, టైఫాయిడ్ కేసులూ బాగా పడిపోయాయి.

మన దగ్గర అన్ని శుద్ధి కేంద్రాలూ మాంటరే స్థాయికి వచ్చేదాకా రైతు నీళ్లు కట్టకుండా ఆగలేడు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 మార్గదర్శకాలను నేను గట్టిగా నమ్ముతాను. శుద్ధి కేంద్రం నుంచి కంచం దాకా దారి పొడవునా కంచెలు కట్టమంటాయి అవి. పందిరి మీద కాసే బీర, కాకర, దొండలకు డ్రిప్ పెడితే కాయకు చేరే క్రిముల బెడద పదివేలవ వంతుకు పడిపోతుందని లెక్క కట్టారు. నేలబారు పంటకైతే వందో వంతుకు. కోతకు ముందు కొన్ని రోజులు తడి ఆపితే ఎండే చాలావాటిని చంపుతుంది. మంచినీళ్లలో కడిగితే మిగిలింది పదో వంతు. పొయ్యి మీద ఉడికితే దాదాపు ఏమీ మిగలదు.

కొత్తిమీర, పుదీనా, ముల్లంగి, ఉల్లికాడల్ని మనం పచ్చిగానూ తింటాం. పొయ్యి అనే కంచె వాటికి లేదు. వడపోత, క్రిమిసంహారం లేని నీటితో వీటిని పండించొద్దని రైతుకు సూటిగా చెప్పండి, ప్రత్యామ్నాయ పంట కూడా మీరే చూపించండి. ఫ్యాక్టరీ నీళ్లు కలిసే చోట సమస్య వేరు. కాడ్మియం ఉడికితే పోదు, కడిగితే పోదు, దాన్ని ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆపాలి.

తినేవాళ్ల కంటే ముందు ఆ నీళ్లలో దిగేది రైతు. ఒట్టి కాళ్లతో బురదలో తిరిగేవాళ్లకు కొంకిపురుగు చర్మం గుండానే ఎక్కుతుంది. రక్తం తగ్గి నీరసపడిన మనిషి ఆ నీరసాన్ని వయసు మీద పడేస్తాడు. మీరు ఊళ్లోకి వెళ్లినప్పుడు విత్తనాల సంచీతో పాటు రబ్బరు బూట్ల మాట, నులిపురుగుల మాత్రల మాట కూడా తీసుకెళ్లండి.

ఇక కోత తర్వాతి సంగతి. పాకిస్తాన్‌లోని ఫైసలాబాద్‌లో పొలంలో కోసిన కూరల్నీ, బజారులో అమ్మే కూరల్నీ పరీక్షించి చూస్తే బజారు కూరల్లోనే క్రిములు ఎక్కువ కనిపించాయి. అది చదివినప్పుడు నాకు మూసీ గట్టు మీది ఆ గంప గుర్తొచ్చింది. ఆ రోజు ఆమెతో కాలువలో కడగొద్దమ్మా అన్నాను. "మరి యాడ కడగమంటవు సారూ?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడైతే చెబుతాను: నలుగురు రైతులకు కలిపి గట్టు పైన ఒక సిమెంటు తొట్టి, నీరు పరీక్ష చేయించిన బోరు, మురికి నీళ్లు ఎప్పటికప్పుడు వదిలేయడానికి కింద ఒక తూము.