నరికిన చెరుకు ఎన్ని రోజులు ఆగుతుంది? మా తొమ్మిదో తరగతి ప్రాజెక్టు

నేను నిజామాబాద్ కంఠేశ్వర్ నుంచి మాట్లాడుతున్నా. తొమ్మిదో తరగతి చదువుతున్నా. ఈ ఎపిసోడ్‌లో ఈ మధ్య మా క్లాసులో చేసిన ఒక ప్రాజెక్టు గురించి చెప్తా. ఎక్కువసేపు పట్టదు, చివరిదాకా వినండి.

ముందు అసలు ప్రాజెక్టు అంటే ఏం జరుగుతుందో చూద్దాం. తెలంగాణ స్కూళ్ళలో చదివేవాళ్ళకు ఎఫ్.ఏ. అంటే కొత్తగా చెప్పక్కర్లేదు. ఒక్కో సబ్జెక్టుకు 20 మార్కులు, అందులో ప్రాజెక్టుకు 5. ఆ 5 మార్కుల కోసం చాలామంది నెట్ సెంటర్‌కు పోతారు. టాపిక్ పేరు చెప్తే వాళ్ళే ప్రింట్ తీసి ఇస్తారు. ఇప్పుడైతే అది కూడా అక్కర్లేదు. ఫోన్‌లో ఏఐని అడిగితే రెండు నిమిషాల్లో నాలుగు పేజీలు వస్తాయి. స్కెచ్ పెన్నుతో బార్డర్ గీసి, అట్టకు అంటిస్తే అయిపోయింది.

ఈసారి మా సోషల్ సార్ ఒక షరతు పెట్టారు. "ఫోన్‌లో రెడీగా దొరికే జవాబు నాకొద్దు. మన జిల్లా గురించి ఒక ప్రశ్న పట్టుకోండి. కనీసం ఇద్దరు పెద్దవాళ్ళను అడగండి" అన్నారు.

మా గ్రూపులో ఐదుగురం. ఇద్దరు పసుపు మీద చేద్దాం అన్నారు. మన మార్కెట్ యార్డు పసుపుకు ఫేమస్, పైగా 2025లో జాతీయ పసుపు బోర్డు కూడా ఇక్కడికే వచ్చింది. మిగతా ముగ్గురం బోధన్ చక్కెర ఫ్యాక్టరీ అన్నాం. అప్పుడు ఒక ఫ్రెండ్ అడిగింది: "మూతపడ్డదాని మీద ప్రాజెక్టు ఎందుకే?"

మంచి ప్రశ్నే. ఫ్యాక్టరీ గురించి తెలియనివాళ్ళకు ముందు నాలుగు ముక్కలు చెప్తా. మంజీర నది మీద నిజాంసాగర్ ప్రాజెక్టు పని 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేశారు. ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. కాలువ నీళ్ళు వచ్చాక చెరుకు వచ్చింది. చెరుకు పది పన్నెండు నెలల పంట, అన్ని నెలలూ తడి కావాలి. ఆ తర్వాత 1937లో బోధన్ దగ్గర శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. 2002లో అందులో 51 శాతం వాటా ప్రైవేటు కంపెనీకి వెళ్ళింది. 2015 డిసెంబర్‌లో మూతపడింది. అప్పటికి నాకు నాలుగేళ్ళు. తిరిగి తెరిచే సంగతి చూడటానికి 2024లో రాష్ట్ర ప్రభుత్వం ఒక కమిటీ వేసింది.

ఇదంతా రాసి సార్‌కు చూపించాం. "బాగుంది, కానీ ఇదంతా గూగుల్‌లో ఉంది. మీ ప్రశ్న ఏది?" అన్నారు.

ఆ ప్రశ్న మాకు మా తాత దగ్గర దొరికింది. మా అమ్మమ్మ వాళ్ళ ఊరు ఎడపల్లి వైపు, నిజామాబాద్ నుంచి బోధన్ పోయే దారిలో. తాత చాలా ఏళ్ళు చెరుకు వేశాడు, ఇప్పుడు వరి వేస్తున్నాడు. ఆదివారం ఐదుగురం బస్సెక్కి పోయాం. "ఫ్యాక్టరీ మూతపడితే చెరుకు ఇంకో ఊరికి పంపొచ్చు కదా తాతా?" అని అడిగాను.

తాత అన్నాడు: "నరికినంక చెరుకు ఆగదు బిడ్డా. ఫ్యాక్టరోళ్ళు చీటీ ఇస్తెనే నరికేటోళ్ళం. ఇయ్యాల నరికితే రేపటికల్లా గానుగల పడాలె. ఆలస్యమైతే తూకమూ పోతది, చక్కెరా పోతది."

తూకం పోవడం అర్థమైంది, గడ ఎండిపోతుంది కాబట్టి. చక్కెర ఎక్కడికి పోతుంది? ఇదీ మా ప్రశ్న అని అక్కడే నోట్‌బుక్‌లో రాసుకున్నాం.

మర్నాడు బయాలజీ మేడంను అడిగాం. మేడం చెప్పింది ఇది. చెరుకులో ఉండే చక్కెర పేరు సుక్రోజ్. గడ నరికాక అందులోని ఒక ఎంజైము, బయటి నుంచి చేరే సూక్ష్మజీవులు కలిసి సుక్రోజ్‌ను రెండుగా విడగొడతాయి. ఒకటి గ్లూకోజ్, ఇంకోటి ఫ్రక్టోజ్. ఇవి కూడా తియ్యగానే ఉంటాయి. కానీ మనం టీలో వేసుకునే చక్కెర గింజల్లా గట్టిపడవు, పైగా మిగిలిన సుక్రోజ్‌ను కూడా సరిగా గట్టిపడనివ్వవు. అంటే రైతు తిని చూస్తే తీపి ఉంటుంది, ఫ్యాక్టరీలో మాత్రం చక్కెర తక్కువ వస్తుంది.

దీన్ని పరీక్షించి చూడొచ్చు. బెనెడిక్ట్ ద్రావణం అని ఒకటి ఉంటుంది, నీలం రంగులో. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ ఉన్నదానితో కలిపి వేడి చేస్తే రంగు మారుతుంది. కొంచెం ఉంటే ఆకుపచ్చ, ఇంకా ఉంటే పసుపు, నారింజ, బాగా ఉంటే ఇటుక ఎరుపు. సుక్రోజ్ ఒక్కటే ఉంటే మారదు. మేడం తనకు తెలిసిన జూనియర్ కాలేజీ ల్యాబ్ నుంచి ఒక చిన్న సీసా తెప్పించారు.

చెరుకు కోసం బజారులో జ్యూస్ బండి దగ్గరికి పోతే పని కాదు. ఆ గడలు ఎప్పుడు నరికినవో ఎవరికి తెలుసు? అందుకే తాతకు ఫోన్ చేశాం. పక్క చేనాయన దగ్గర నాలుగు సాళ్ళు ఉన్నాయట. ఒకే దుబ్బులోంచి ఆదివారం ఒక గడ, బుధవారం ఒకటి, శనివారం పొద్దున ఒకటి నరికి పెట్టాడు. మూడూ ఒకే చోట, నీడలో పెట్టాడు. శనివారం అమ్మ వాటిని తెచ్చింది. మూడింటి రసం విడివిడిగా తీసి, అన్నింటినీ ఒకేలా నీళ్ళతో పల్చగా చేసి, అన్నే చుక్కలు వేసి, మరిగే నీళ్ళలో టెస్ట్ ట్యూబులు పెట్టాం.

ముందు రుచి చూశాం. ఐదుగురిలో ఎవరికీ తేడా తెలియలేదు. ట్యూబుల్లో మాత్రం తెలిసింది. ఆ పొద్దున నరికిన గడ రసం లేత ఆకుపచ్చ దగ్గర ఆగింది. బుధవారం గడ పసుపు. ఆదివారం గడ నారింజ. మూడు ట్యూబులు పక్కపక్కన పెట్టి ఫొటో తీశాం. "ఒక్క దుబ్బుతో చేస్తే సరిపోదు, ఇంకో చేనులోంచి తెచ్చి మళ్ళీ చేయండి" అన్నారు మేడం. ఈ సీజన్ అయిపోయేలోపు మళ్ళీ చేస్తాం.

ఇప్పుడు లెక్కలు. టన్ను చెరుకు ఆడిస్తే సుమారు 100 కిలోల చక్కెర వస్తుంది. మిగతాదంతా నీళ్ళు, పిప్పి, మడ్డి. పది టన్నుల లారీ పంపితే అందులో చక్కెర ఒక టన్నే. ఫ్యాక్టరీ పక్కనే ఉంటే ఫర్వాలేదు, ఆ పిప్పినే మండించి బాయిలర్లు నడుపుకుంటుంది. దూరమైతే మిగతా తొమ్మిది టన్నులకు కూడా కిరాయి కట్టాలి. ఆ దారిలో గంటలు గడిచేకొద్దీ మా ట్యూబుల్లో చూసిన పని జరుగుతూనే ఉంటుంది. సోషల్ పుస్తకంలో "చక్కెర పరిశ్రమ ముడిసరుకు దొరికే చోటే ఉంటుంది" అని ఒక లైను ఉంటుంది. పత్తి అలా కాదు, ఎక్కడికి తీసుకుపోయినా బరువు పెద్దగా తగ్గదు, చెడిపోదు. అందుకే బట్టల మిల్లు ఎక్కడైనా పెట్టొచ్చు. ఆ ఒక్క లైను వెనక ఇంత ఉంది.

పసుపు అన్న ఫ్రెండ్ అప్పుడు ఒక మాట అంది, ప్రాజెక్టులో నాకు బాగా నచ్చింది అదే. వాళ్ళ ఇంట్లో పసుపు పండిస్తారు. కొమ్ములు ఉడకబెట్టి ఎండబెడితే నెలల తరబడి ఉంటాయి. "రేటు బాగలేకపోతే మా నాన్న ఆపుకుంటాడు. మీ తాతకు ఆ చాన్సే లేదు కదా" అంది. వడ్లు కూడా కొన్నాళ్ళు ఆపొచ్చు. చెరుకు రైతు మాత్రం ఒక రోజు కూడా బేరమాడలేడు. బెల్లం వండొచ్చు గానీ, దానికి గానుగ, పొయ్యి, కూలీలు కావాలి. అంటే దగ్గర్లో ఫ్యాక్టరీ ఉండటం అతనికి సౌకర్యం మాత్రమే కాదు, పంట వేయాలా వద్దా అనేదే దానిమీద ఆధారపడింది. బోధన్ చుట్టుపక్కల ఇంతమంది చెరుకు మానేసి వరికి ఎందుకు పోయారో నాకు అప్పుడు అర్థమైంది. "మూతపడ్డదాని మీద ఎందుకే" అన్న ప్రశ్నకు జవాబు కూడా అందులోనే ఉంది.

మా నాన్న మొదట్లో "వచ్చే ఏడు టెన్త్, ఈ తిరుగుళ్ళన్నీ ఎందుకు" అన్నాడు. ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేదు. ఆయన భయం నాకు తెలుసు. 5 మార్కుల కోసం రెండు వారాలు ఎవరు పెడతారు? కానీ సుక్రోజ్, శాతాలు, పరిశ్రమలు ఈ మూడు పాఠాలను నేను మళ్ళీ బట్టీ పట్టాల్సిన పని లేదు. ఎవరు లేపి అడిగినా చెప్తా.

ఏఐని వాడొద్దని నేను అనట్లేదు. బెనెడిక్ట్ పరీక్ష జాగ్రత్తలు మేం కూడా ఫోన్‌లో చదివాం, తర్వాత మేడంతో సరిచూసుకున్నాం. కానీ "చీటీ ఇస్తెనే నరికేటోళ్ళం" అనే మాట ఏ ఫోన్ నాకు ముందుగా చెప్పలేదు. అది తాత దగ్గర ఉంది. తాతకు 74 ఏళ్ళు. ఆ ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్ళు, బండ్లు తోలినవాళ్ళు, గడలు నరికినవాళ్ళు చాలామంది ఆ వయసులోనే ఉన్నారు. ఇంకో పదేళ్ళ తర్వాత ఈ ప్రాజెక్టు చేసే పిల్లలు ఎవరిని అడుగుతారు?

అందుకే మీకు ఒక చిన్న పని. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఏ పని చేశారో, ఆ పనిలో ఏది ఆలస్యమైతే నష్టమో అడగండి. ఫోన్‌లో రికార్డు చేయండి. తర్వాత అది మీ పుస్తకంలో ఏ పాఠమో వెతకండి. దొరికితే కామెంట్‌లో రాయండి, మా గ్రూపు అందరం చదువుతాం. మళ్ళీ కలుద్దాం.