విపణిశాస్త్ర విద్యార్థులకు ఆధారములు దొరకు మార్గము

(వార్షిక మహాసభయందు చదువబడిన ఉపన్యాసము)



విద్యావిషయమున నాలుగు మాటలు చెప్పుడని ఈ మహాసభవారు మమ్ము ఆజ్ఞాపించిరి. విద్య ఆవశ్యకమని ఇప్పుడు మేము ఉపన్యసించుట పిష్టపేషణము. మన బిడ్డలు చదువుచునే యున్నారు. అందును బి.బి.ఏ., ఎం.బి.ఏ. తరగతులలో చేరి మార్కెటింగు, అనగా విపణిశాస్త్రము, అభ్యసించువారు మన యిండ్లలో పలువురు గలరు. కావున విద్యామహిమను వదలి, ఆ విద్యార్థుల కెదురగుచున్న ఒక కష్టమును మాత్రమే తమకు విన్నవించెదము.

కష్టమిది. చదువు ముగియు సంవత్సరమున విద్యార్థి యొక ప్రాజెక్టు వ్రాయవలెను. ఒక సరకును గాని, ఒక అంగడిని గాని, కొనువారి అభిరుచిని గాని పరిశీలించి, ఆధారపూర్వకముగ నివేదిక సమర్పింపవలెను. ఆధారములెచ్చట దొరకునో చెప్పువారు లేరు. చేతిలోని ఫోనునందు మొదట కనబడిన నాలుగు పుటలను చూచి కొందఱు వ్రాయుచున్నారు. మఱికొందఱు సిద్ధముగ అమ్మబడు పాత నివేదికను కొని, అట్టమీది పేరు మార్చి యిచ్చుచున్నారు. తండ్రి అప్పుచేసి కట్టిన ఫీజు ఈ విధముగ ఒక అట్టమార్పుతో ముగియుచున్నది. పిమ్మట ఉద్యోగమునకై పోయినపుడు, "ఈ అంకె నీకెట్లు తెలిసినది?" అని యడిగినచో నోరు పెగలదు. ఇది ధనము లేకపోవుటచే కలిగిన లోపము గాదు. ఆధారములలో పెక్కులు ఉచితముగనే లభించును. మార్గదర్శి లేకపోవుటయే లోపము.

ఇందుకొక నిదర్శనము గలదు. కౌటిల్యుని అర్థశాస్త్రము చిరకాలము పేరుమాత్రముగ వినబడుచుండెను. 1905లో మైసూరు ప్రాచ్యగ్రంథాలయమున ఆ తాళపత్రప్రతిని ఆర్. శామశాస్త్రిగారు గుర్తించిరి, 1909లో దానిని ముద్రింపించిరి. ప్రతి యుండినంత మాత్రమున చాలలేదు. దానిని గుర్తింపగల వారొకరు కావలసివచ్చెను. అందు పణ్యాధ్యక్షుడను అధికారి సరకుల వెలలలోని తారతమ్యమును, జనులకు ఏది ప్రియమో ఏది అప్రియమో తెలిసియుండవలెనని విధింపబడినది. నేటి తరగతులలో డిమాండు అని బోధింపబడునది ఈ ప్రియాప్రియతయే గదా!

ప్రశ్న ముందు, ఆధారము తరువాత

నైయాయికులు ప్రమాణములు నాలుగనిరి: ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము. మన విద్యార్థికి ముఖ్యముగ పనికివచ్చునవి రెండు. అంగడికి స్వయముగ పోయి కొనువారిని, అమ్మువారిని అడిగి తెలిసికొన్నది ప్రత్యక్షమువంటిది. ఇతరులు సేకరించి వ్రాసియుంచినది శబ్దము. శబ్దము ప్రమాణమగుటకు చెప్పినవాడు ఆప్తుడు కావలెను. అనగా విషయము నెఱిగినవాడును, ఎఱిగినదానిని ఉన్నదున్నట్లు చెప్పువాడును కావలెను. ఈ యొక్క సూత్రమును మఱువనిచో, ఎన్ని వేల పుటలు ఎదుట బడినను విద్యార్థి చెదరిపోడు.

అయితే వెదకుటకు ముందు ప్రశ్న నిర్ణయమగుట ముఖ్యము. "గుంటూరు మిర్చి వ్యాపారము" అనునది ప్రశ్న గాదు, అది సముద్రము. "కోత నెలలలో కాయలు అమ్మక కోల్డు స్టోరేజిలో ఉంచిన రైతునకు, తరువాత వచ్చిన అధికధర గిడ్డంగి అద్దెను, అప్పుమీది వడ్డీని మించినదా?" అనునది ప్రశ్న. ఇట్లడిగినంతనే ఆధారము లెచ్చట నుండునో తమంతట తామే స్ఫురించును. ధరలకు ప్రభుత్వపు లెక్కలు, ఎగుమతులకు సుగంధద్రవ్యముల బోర్డువారి పట్టికలు, అద్దెకు గిడ్డంగివారి మాట, వడ్డీకి రైతు మాట. ఇందు మొదటి రెండు శబ్దము; కడపటి రెంటికి ఊరికి పోవలసినదే.

గ్రంథాలయము

గ్రంథాలయము నేడు పనికిరాదనువారు గలరు. మేమట్లు తలపము. ఆస్తిపన్నుతో పాటు గ్రంథాలయపు పన్నును మనము చెల్లించుచునే యున్నాము. చెల్లించినదానిని అనుభవింపకుండుట వివేకము గాదు. డ్యూయీ దశాంశ వర్గీకరణము ననుసరించు గ్రంథాలయములలో 658.8 అను సంఖ్య గల అరలో విపణినిర్వహణ గ్రంథములును, 659.1 అను సంఖ్య గల అరలో ప్రకటనలను గూర్చిన గ్రంథములును ఉండును. ఈ రెండంకెలు తెలిసిన బిడ్డ ఏ ఊరి గ్రంథాలయమునకు పోయినను త్రోవ తప్పడు. పాఠ్యగ్రంథమును తీసికొనునపుడు ఎన్నవ కూర్పో చూడవలెను. ఫిలిప్ కాట్లరు విరచితమైన మార్కెటింగ్ మేనేజ్‌మెంట్ తొలికూర్పు 1967 నాటిది. పాత కూర్పులో నేటి ఫోను వ్యాపారము కనబడదు గదా!

పాతపత్రికలును విపణిశాస్త్రమునకు నిధులే. కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును ఆరంభించిరి. 1908లో అచ్చటనే ఆంధ్రపత్రికను వారపత్రికగ స్థాపించి, 1914లో చెన్నపురికి మార్చి దినపత్రికగ నడపిరి. ఒక మందును అమ్మినవారే ఒక పత్రికను నడపిన కాలమున తెలుగునాట ప్రకటనలెట్లుండెనో తెలిసికొనుటకు ఆ సంపుటములకంటె మంచి సాక్ష్యమేది? 1918లో స్థాపితమైన వేటపాలెపు సారస్వతనికేతనమున పాత తెలుగుపత్రికల సంపుటములు భద్రపఱుపబడియున్నవి. హైదరాబాదున అఫ్జల్‌గంజిలోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయము 1891లో అసఫియా గ్రంథాలయముగ వెలసినది. ఇట్టిచోట్లకు పోయిన విద్యార్థి మొదట గ్రంథపాలకుని సమీపించి తన ప్రశ్నను చెప్పవలెను. అడుగుటకు సిగ్గుపడి అరలచుట్టు తిరుగుట కాలహరణము.

ప్రభుత్వపు లెక్కలు

కొనువాని చేతిలో ఎంత సొమ్మున్నదో తెలియక విపణి తెలియదు. కేంద్ర గణాంకశాఖవారు కుటుంబ వినియోగ వ్యయ సర్వేలను ప్రకటించుచున్నారు; అవి అంతర్జాలమున ఉచితముగ లభించును. 2023-24 సర్వేను బట్టి మనదేశమున గ్రామవాసి సగటున నెలకు తలకు 4,122 రూపాయలును, పట్టణవాసి 6,996 రూపాయలును వ్యయపఱచెను. ఇవి ప్రభుత్వ పథకములవలన ఉచితముగ వచ్చిన వస్తువుల విలువ చేర్పని అంకెలు. గ్రామవాసి వ్యయమున ఆహారము పాలు నూటికి 47. అనగా సబ్బు, బట్ట, మందు, ప్రయాణము, ఫోను, చదువు మొదలగు వాని కన్నిటికి కలిసి మిగులునది సుమారు 2,180 రూపాయలు. గ్రామమున క్రొత్తసరకు నమ్మదలచువాడు మొదట చూడవలసిన అంకె యిదియే. సర్వేలో రాష్ట్రములవారి అంకెలును వేఱుగ గలవు.

జనాభా లెక్కల విషయమున ఒక హెచ్చరిక. విద్యార్థులు తఱుచుగ 2011 జనాభా లెక్కలను నేటివివలె వ్రాయుచున్నారు. 2021లో జరుగవలసిన గణనము వాయిదాపడినది. కావున 2011 అంకె వాడినచోట ఆ సంవత్సరమును తప్పక చెప్పవలెను. తేదీ లేని అంకె చిరునామా లేని ఉత్తరము వంటిది.

ఇక వ్యవసాయపు సరకులు. కేంద్ర వ్యవసాయశాఖకు చెందిన ఆగ్‌మార్క్‌నెట్ అను వెబ్‌సైటున ఏ యార్డునకు ఏ దినమున ఎంత సరకు వచ్చినది, కనిష్ఠ గరిష్ఠ ధరలెవ్వి, ఎక్కువ సరకు ఏ ధరకు పోయినది అను వివరములు దొరకును. మిర్చిని పరిశీలించువాడు ఇచట మెలకువతో నుండవలెను. తేజ కాయ ధర వేఱు, తాలు ధర వేఱు. ఒక నెలలో ఒక రకపు ధరను, మఱియొక నెలలో వేఱొక రకపు ధరను తీసి పోల్చినచో, వెల పెరుగకున్నను పెరిగినట్లు తోచును. ఈ సంగతి యార్డులో పనిచేయు గుమాస్తాకు తెలియును. పుస్తకము మాత్రమే చదివినవానికి తెలియదు. కావుననే ప్రత్యక్షము కూడ కావలెననుచున్నాము.

సంస్థల పత్రములు

పెద్ద సంస్థలను గూర్చి వ్రాయువారు వార్తాకథనములతో తృప్తిపడరాదు. షేరుబజారున నమోదైన ప్రతి సంస్థ వార్షికనివేదికను ప్రకటింపవలెను; అది ఆ సంస్థ వెబ్‌సైటునను, షేరుబజారు వెబ్‌సైటునను లభించును. ప్రజలకు మొదటిసారి షేర్లు అమ్మదలచిన సంస్థ సెబీకి సమర్పించు ముసాయిదా పత్రమున ఆ పరిశ్రమ నంతటిని వర్ణించు అధ్యాయ మొకటి యుండును. వేలకొలది రూపాయలకు అమ్మబడు నివేదికలలోని విషయములు పెక్కులు అందు ఊరకనే దొరకును. కాని ఆ యధ్యాయము తఱుచుగ ఆ సంస్థయే సొమ్మిచ్చి వ్రాయించినది. అట్లు వ్రాయించినట్లు ఆ పత్రముననే చెప్పబడియుండును. తన పెరుగు పులుపని ఏ గొల్లభామయు చెప్పదు గదా! అంకెను గ్రహింపవచ్చును, ప్రశంసను వడగట్టవలెను.

పండితవ్యాసములు

విశ్వవిద్యాలయ పండితులు వ్రాసిన వ్యాసములను వెదకుటకు గూగుల్ స్కాలర్ అను సాధనము గలదు. వ్యాసము పేరు ప్రక్కన ఉచితప్రతి యున్నచో అది కనబడును. మనదేశపు పరిశోధక సిద్ధాంతగ్రంథములు శోధ్‌గంగ యను భాండారమున గలవు. దానిని గాంధీనగరములోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రము నిర్వహించుచున్నది. సిద్ధాంతగ్రంథము చివర నుండు గ్రంథసూచిక యొకటి చాలును, విద్యార్థికి పది త్రోవలు తెఱచుకొనును. ఖరగ్‌పూరు ఐ.ఐ.టి.వారు నడపుచున్న జాతీయ డిజిటల్ గ్రంథాలయము 2018లో జాతికి అంకితమయ్యెను. అందు పేరు నమోదు చేసికొనుటకు రుసుము లేదు.

మూల్యము గల పత్రికల విషయమున మన సభ గమనింపవలసిన యంశ మొకటి కలదు. కేంద్రప్రభుత్వము 2024 నవంబరు 25న ఒకే దేశము, ఒకే చందా యను పథకమును ఆమోదించెను. మూడు సంవత్సరములకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించి, 30 ప్రచురణసంస్థల సుమారు 13,000 పత్రికలను విద్యార్థుల కందించుట దాని యుద్దేశము. ఇది 2025 జనవరి 1న ఆరంభమైనది. కాని తొలిదశలో అది ప్రభుత్వ విద్యాసంస్థలకే వర్తించినది. మన బిడ్డలలో అనేకులు చదువుచున్నది ప్రైవేటు కళాశాలలలో. ప్రభుత్వ కళాశాలలోని అన్నకు తెఱచుకొన్న తలుపు ప్రైవేటు కళాశాలలోని తమ్మునికి ఆ దశలో మూసియుండెను. ఇట్టివారికే ఉచిత మార్గముల ఎఱుక మఱింత అవసరము. వ్యాసము దొరకనప్పుడు ఆ వ్యాసకర్తకు మర్యాదగ ఉత్తరము వ్రాసి యడుగుటయు ఒక మార్గమే. అడిగినవారికి పంపు పండితులు పెక్కుఱు గలరు.

పరీక్షింపక గ్రహింపరాదు

ఇప్పుడు యంత్రమే సమాధానము వ్రాసియిచ్చుచున్నది; ఇక వెదకనేల యని కొందఱందురు. యంత్రము ప్రశ్నను చక్కదిద్దుకొనుటకు ఉపకరించును, కఠినమైన వ్యాసమును తేటపఱచును. కాని అది లేని గ్రంథమును ఉన్నట్లు చెప్పుటయు గలదు. 2023లో న్యూయార్కునందు ఇద్దఱు న్యాయవాదులు చాట్‌జీపీటీ కల్పించిన లేని తీర్పులను న్యాయస్థానమున ఉదాహరించిరి. వారికిని వారి సంస్థకును కలిపి 5,000 డాలర్ల జరిమానా విధింపబడెను. చదువుకొన్న న్యాయవాదులకే ఇట్లయినచో బాలుర సంగతి చెప్పవలయునా? కావున యంత్రము చూపిన ప్రతి మూలమును స్వయముగ తెఱచి చదివిన పిమ్మటనే వ్రాయవలెను.

ఏ ఆధారము చేతికి వచ్చినను నాలుగు ప్రశ్నలు వేయుడని మేము బాలురకు చెప్పుచుందుము. చెప్పినవా డెవడు? ఎప్పుడు చెప్పెను? ఎట్లు తెలిసికొనెను? అట్లు చెప్పుటవలన వానికి లాభమేమి? ఈ నాలుగింటికి ఉత్తరము దొరకనిచో, అంకె యెంత అందముగ నున్నను విడువవలసినదే.

పోషకులకు మనవి

మన సభ యేటేట పతకములను, బహుమానములను ఇచ్చుచున్నది. అవి యుండవలసినవే. కాని పతకము గెలిచినవానికి అందును. మార్గదర్శనము వెనుకబడినవానికి కూడ అందును. కావున మేము కోరునది మూడు. మన వసతిగృహమున రెండు కంప్యూటర్లతో ఒక పఠనమందిరము. వారమునకు రెండు సాయంకాలములు అచ్చట కూర్చుండి విద్యార్థుల ప్రశ్నలను సరిదిద్దుటకు, విశ్రాంతి పొందిన గ్రంథపాలకుడో, వాణిజ్యశాస్త్ర ఉపాధ్యాయుడో ఒకరు. వారికి తగిన గౌరవవేతనము. మూడవది సొమ్ముతో పనిలేనిది. మనలో అంగళ్లు, గిడ్డంగులు, కర్మాగారములు గలవారు విద్యార్థి కాగితము పట్టుకొని వాకిట నిలిచినపుడు అరగంట కూర్చుండబెట్టి, తమ వ్యాపారపు సంగతులను దాపరికము లేక చెప్పవలెను. తమ మాటయే వానికి ప్రత్యక్షప్రమాణము.

విద్యార్థులారా! సిద్ధముగ దొరకు నివేదికను కొనకుడు. చిన్నప్రశ్నను తీసికొనుడు, స్వయముగ వెదకి, అడిగి, చూచి, ఇరువది పుటలే వ్రాయుడు. ఆ యిరువది పుటలలోని ప్రతి అంకెకు మీరు జవాబుదారులై నిలువగలిగినచో, ఏ యజమాని యెదుటను తలవంపవలసిన పని యుండదు.