ఊరి పేరు, ఇంటి పేరు

పల్నాటి పల్లెలలో క్రొత్త మనిషి రచ్చబండ చెంతకు వచ్చినచో ముందు మంచినీళ్లు ఇత్తురు. పిమ్మట రెండు ప్రశ్నలు అడుగుదురు. "ఏ ఊరు?" అనునది మొదటిది. "ఎవరి వారు?" అనునది రెండవది. మొదటిదానికి ఊరి పేరు జవాబు, రెండవదానికి ఇంటి పేరు జవాబు. ఈ రెండును చెప్పగలిగినవాడు ఇక క్రొత్తవాడు కాడు. ఎవరో ఒక పెద్ద లేచి, "మీ మేనత్తను మా వారికే ఇచ్చిరి గదా!" అని చుట్టరికము కలుపును. బొల్లాపల్లిలోనైనను, వినుకొండలోనైనను, మాచర్లలోనైనను ఇదియే వాడుక. ఈ జవాబులు మనకు ఎంత సహజముగా నోటికి వచ్చుననగా, అవి ఒక ఆస్తియని మనకు తోచనే తోచదు. ఆ ఆస్తిని పోగొట్టుకొని, ఐదారు తరముల పిమ్మట వెదకికొనుచున్న తెలుగువారిని గూర్చి ఈ పూట కొంత ముచ్చటింపదలచినాము.

1833వ సంవత్సరమున రెండు సంగతులు జరిగినవి. బ్రిటిషు సామ్రాజ్యములో బానిసత్వమును రద్దుచేయు చట్టము లండనులో వెలువడినది. ఆ కాలముననే మన గుంటూరు సీమను నందన కరవు పట్టి పీడించినది. మన పెద్దలు దానినే డొక్కల కరవనిరి. లక్షమందికి పైగా ఆ కరవునకు ఆహుతియైరి. అక్కడ చెరకు తోటల యజమానులకు పనివారు కావలసియుండిరి. ఇక్కడ పనివారికి అన్నము కావలసియుండెను. 1834 నవంబరు 2వ తేదీన అట్లాస్ అను ఓడ కలకత్తా నుండి 36 మందిని ఒప్పంద కూలీలుగా మారిషస్ దీవిలో దింపినది. అది మొదలు 1920 లోపల ఇంచుమించు ఐదు లక్షలమంది భారతీయులు ఆ దీవి రేవున అడుగుపెట్టిరి. వారు దిగిన పోర్టు లూయీలోని ఆ కట్టడమునకు నేడు ఆప్రవాసీ ఘాట్ అని పేరు. ప్రపంచ వారసత్వ స్థలములలో ఒకటిగా 2006లో దానిని గుర్తించిరి.

మన తెలుగువారు గోదావరి సముద్రమున కలియు తావుననున్న కోరంగి రేవు నుండి ఓడలెక్కిరి. తరువాతి కాలమున విశాఖపట్నము నుండియు, మద్రాసు నుండియు వెళ్లిరి. కోరంగి రేవును 1839 నాటి ఉప్పెన ముంచివేసినది. రేవు పోయినను పేరు పోలేదు. మారిషస్‌లో తెలుగువారికి కోరంగివారనియే పేరు నిలిచినది. నేటికిని అక్కడ ఉగాది ప్రభుత్వపు సెలవు దినము. రామభజనలు చేయుదురు, సింహాద్రి అప్పన్నను తలతురు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవిలోనే జరిగినవి. పండుగ నిలిచినది, దేవుడు నిలిచినాడు. నిలువనిది ఇంటి పేరు.

అది ఎట్లు పోయినదో వినదగినది. మారిషస్‌లోని మోకా అను చోట 1970లో స్థాపించిన మహాత్మాగాంధీ సంస్థ కలదు. ఆనాటి వలస రిజిస్టర్లు అక్కడ భద్రపరుపబడి ఉన్నవి. ఓడ దిగిన ప్రతి మనిషికి ఒక సంఖ్య. ఆ సంఖ్య కెదురుగా పేరు, తండ్రి పేరు, కులము, వయస్సు, ఎత్తు, ఒంటిమీది పుట్టుమచ్చలు, ఊరు, జిల్లా, ఓడ పేరు, చేరిన తేదీ వ్రాసియుండును. ఈ వివరములన్నియు ప్రేమతో వ్రాసినవి కావు. తోట విడిచి పారిపోయినవానిని గుర్తుపట్టుటకు వ్రాసినవి. పట్టుకొనుటకై వ్రాసిన రిజిస్టరే నేడు బంధువులను కలుపుటకు ఉపయోగపడుచున్నది.

అయితే ఆ రిజిస్టరులో ఇంటి పేరునకు గడి లేదు. మన వాడుకలో ఇంటి పేరు ముందు, మనిషి పేరు వెనుక. గుమాస్తాకు ఆ సంగతి తెలియదు. అప్పడు అని చెప్పినచో అప్పడూ అని వ్రాసికొనెను. రామన్న అనినచో రామనా అని వ్రాసికొనెను. ఆ కూలీకి కొడుకు పుట్టినప్పుడు తండ్రి పేరే వంశనామమైనది. మనుమనికిని అదియే, మునిమనుమనికిని అదియే. ఎవరో ఒక తాతగారి ముద్దుపేరు ఒక వంశమంతటికి ఇంటి పేరై కూర్చున్నది. అసలు ఇంటి పేరు ఓడమెట్లమీదనే జారిపోయినది.

మారిషస్ తెలుగువారిలో ఎక్కువమంది పూర్వులు గంజాము, విశాఖపట్నము, గోదావరి ప్రాంతములవారు. అయినను సంగతి తెలియుటకై ఒక ఉదాహరణము తీసికొందము. అటువంటి దంపతులు ఒక ఉదయమున బొల్లాపల్లిలో బస్సు దిగిరనుకొనుడు. వారి చేతిలో రిజిస్టరు నకలు కలదు. అందు ముత్తాత తండ్రి పేరున్నది. ఊరు బొల్లాపల్లి అని ఉన్నది. జిల్లా కృష్ణా అని ఉన్నది. ఆ కాగితము చూచి మనవారు, "ఇది పల్నాడు జిల్లా గదా, మీరు దారి తప్పితి"రని పంపివేయవచ్చును. అట్లు పంపుట పొరపాటు. 1859లో గుంటూరు జిల్లాను రద్దుచేసి కృష్ణా జిల్లాలో కలిపిరి. 1904లో మరల గుంటూరు జిల్లా ఏర్పడినది. 2022 ఏప్రిల్ 4వ తేదీన నరసరావుపేట ముఖ్యపట్టణముగా పల్నాడు జిల్లా ఏర్పడినది. కనుక 1850లో ఓడ ఎక్కినవానిది గుంటూరు జిల్లా. 1880లో ఎక్కిన వాని తమ్మునిది కృష్ణా జిల్లా. ఇంటిలో మిగిలిన అన్న మనుమని మనుమనిది పల్నాడు జిల్లా. ఊరు కదలలేదు, జిల్లాలే దానిమీదుగా నడచిపోయినవి.

ఇంకొక చిక్కు కలదు. మార్టూరు చెంత మరియొక బొల్లాపల్లి ఉన్నది. ఊరి పేరొక్కటే చాలదని దీనివలన తెలియుచున్నది. తాలూకా తెలియవలెను, లేదా ఇంటి పేరు తెలియవలెను. ఆ రెండవదే వారి వద్ద లేనిది.

ఇక చట్టము సంగతి. వారు భారత పౌరులు కాగలరా? మన పౌరసత్వ చట్టము 1955 నాటిది. పరదేశ పౌరసత్వము స్వచ్ఛందముగా తీసికొన్నవాడు భారత పౌరుడుగా ఉండజాలడని దాని నియమము. రెండు దేశముల పౌరసత్వము మనకు లేదు. కాని 2005 నాటి సవరణతో ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా అను కార్డు ఏర్పాటైనది; వాడుకలో ఓ.సి.ఐ. కార్డు అందురు. 2006 జనవరిలో మన హైదరాబాదులో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్ సభలోనే నాటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ గారు తొలి కార్డులను అందజేసిరి. ఈ కార్డు గలవారు జీవితాంతము వీసా చిక్కులు లేక రాకపోకలు సాగింపవచ్చును. ఓటు హక్కు మాత్రము లేదు; శాసనసభలకు పోటీచేయరాదు. సాధారణముగా ఈ కార్డు మునిమనుమల వరకే దొరకును. మారిషస్‌వారి విషయమున ఈ హద్దును సడలించి, ఏడవ తరమువారికిని అర్హత కల్పించినట్లు 2024 మార్చిలో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారు ఆ దీవిలో ప్రకటించిరి.

ఇదే తపన ఇతర దేశములవారికిని కలదు. ఇటలీ నుండి అమెరికాకు, అర్జెంటీనాకు వెళ్లినవారి సంతతివారు తాత ముత్తాతల జనన పత్రములను వెదకి, ఇటలీ పౌరసత్వమును కోరుట చాలకాలముగా సాగినది. తరముల లెక్క లేక ఇచ్చుచుండిన ఆ దేశము 2025లో చట్టము మార్చి, సామాన్యముగా తల్లిదండ్రుల వరకో, తాత అవ్వల వరకో హద్దు గీచినది. ఇంకొక ప్రక్క సిసిలీలోని సంబూకా వంటి ఊళ్లు, జనము తగ్గిపోయి పాడుపడిన యిండ్లను 2019లో ఒక్క యూరో మొదటి వెలకు అమ్మకమునకు పెట్టినవి. అక్కడ ఇల్లు సులభము, పౌరసత్వము కష్టమైనది. మన దేశమున కార్డు సులభమైనది. నేల మాత్రము అంత సులభము కాదు.

ఈ నేల సంగతి మన ఇండ్లవారు ముఖ్యముగా వినవలెను. ఆ దంపతులు మన మిరప చేలగట్టున నిలిచి, "మా తాతల ఊరిలో ఒక ఎకరము కొందు"మని అడుగుదురనుకొనుడు. అడుగుట న్యాయమే. కాని ఓ.సి.ఐ. కార్డు గలవారు వ్యవసాయ భూమిని గాని, తోటలను గాని, ఫారంహౌసును గాని కొనరాదు. నివాస గృహమును, వ్యాపార స్థలమును కొనవచ్చును. సొమ్ము బ్యాంకు ద్వారా నడవవలెను. "మీ పేరు మీద ఎందుకు, మా పేరు మీద వ్రాయించి ఉంచెదము" అని చెప్పు మధ్యవర్తులు ఉందురు. బినామీ లావాదేవీలను నిషేధించు చట్టము 1988 నుండియు ఉన్నది. అట్టి మాట చెవిని పెట్టరాదు. ఊరిలో ఇల్లు కొనదలచినవారు కూడ గ్రామకంఠము స్థలములకు పాత దస్తావేజులు లేకపోవుట కద్దని తెలిసి, సబ్‌రిజిస్ట్రారు కార్యాలయమున లావాదేవీల పత్రము తీయించి చూచుకొనవలెను.

కొనరానిది వారసత్వముగా రావచ్చును. ఇది మారిషస్‌వారికంటె మనకే ఎక్కువ పనికివచ్చు మాట. మన బిడ్డలు అమెరికాలో పౌరులై, ఓ.సి.ఐ. కార్డు తీసికొన్నను, తల్లిదండ్రుల పొలము వారికి వారసత్వముగా సంక్రమింపవచ్చును. దానిని అమ్మదలచినచో ఇక్కడ నివసించు భారత పౌరునికే అమ్మవలెను. అయితే వారసత్వము నోటిమాటతో నిలువదు. ఎవరికి ఎవరు ఏమగుదురో చూపు కుటుంబ సభ్యుల ధ్రువపత్రము కావలెను. ఆ పత్రమునకు ఆధారములు కావలెను. అప్పుడు మన బిడ్డల బిడ్డలు కూడ ఆ మారిషస్ దంపతుల వలెనే కాగితము చేతబట్టుకొని నిలువవలసి వచ్చును.

మన చెంతనున్న ఆధారములు ఏవి? పూర్వము ఊరి లెక్క కరణము వద్ద ఉండెడిది. 1984లో కరణము, మునసబు పదవులు రద్దైనవి. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చినవి. పాత సెటిల్‌మెంటు రిజిస్టరులో సర్వే నంబరునకు ఎదురుగా ఆనాటి రైతు పేరుండును. నేటి అడంగలును, 1-బి నకలును మీభూమిలో చూచుకొనవచ్చును. పాత పేరునుండి క్రొత్త పేరు వరకు గొలుసు కట్టగలిగినచో వంశము దొరకినట్లే. క్రైస్తవ కుటుంబములకు జ్ఞానస్నాన రిజిస్టర్లు గొప్ప ఆధారము. 1842లో గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ హేయరు దొర 1849లో పల్నాటికి వచ్చినాడు. కొన్ని కులములకు పిచ్చుకుంట్లవారు ఇంటిముందు నిలిచి గోత్రములు, వంశములు వల్లించెడివారు. భూమి లేని కూలికి సెటిల్‌మెంటు రిజిస్టరులో పేరుండదు. ఓడలెక్కినవారిలో చాలమంది అట్టివారే. ఆడవారి పేర్లు ఏ రిజిస్టరులోను అంతగా కానరావు. ఈ ఇద్దరికిని మిగిలిన ఆధారము ఒక్కటే. అది ఇంటిలోని ముసలివారి జ్ఞాపకము. ఆ జ్ఞాపకమునకు నకలు తీయు కార్యాలయము లేదు. ఆ పని మన చేతులలోనే ఉన్నది.

కనుక మా మనవి యిది. ప్రతి ఇంటను ఒక నోటుపుస్తకము తెరువుడు. తాత, ముత్తాతల పేర్లు ఇంటి పేరుతో కూడ వ్రాయుడు. అవ్వల పేర్లు, వారి పుట్టినిండ్లు, ఆ ఊళ్లు తప్పక వ్రాయుడు. ఇలవేల్పు ఎవరో, పొలమును ఇంటివారు ఏ పేరుతో పిలిచెడివారో, సర్వే నంబరు ఏదో వ్రాయుడు. ఊరి పేరుతో పాటు ఆనాటి తాలూకా, జిల్లా వ్రాయుడు. తేదీలు తెలియని అవ్వను తేదీ అడిగిన లాభము లేదు. "సాగరు డామునకు పునాది వేసిన ఏటికి నీకు పెండ్లి అయినదా?" అని అడుగుడు, పునాదిరాయి వేసినది 1955 డిసెంబరు గనుక లెక్క తేలును. "దివిసీమ ఉప్పెన నాటికి చిన్నవాడు పుట్టెనా?" అని అడుగుడు; అది 1977 నవంబరు. అవ్వ చెప్పుచుండగా పిల్లలచేతనే వ్రాయింపుడు. ఒక ప్రతి ఇంట ఉంచి, ఒక ప్రతి దూరదేశముననున్న బిడ్డకు పంపుడు.

ఆనాడు కోరంగి రేవున ఓడ ఎక్కినవానికి వ్రాత రాదు. వాని ఇంటి పేరు వ్రాసియిచ్చువారు లేకపోయిరి. నేడు మన బిడ్డలు విమానము ఎక్కుచున్నారు. వారికి చదువున్నది, పాస్‌పోర్టు ఉన్నది. అయినను నాలుగు తరములు గడచిన పిమ్మట వారి సంతతివారిలో ఒకడు మన రచ్చబండకు వచ్చి నిలిచినప్పుడు, ఆ రెండు ప్రశ్నలే ఎదురగును. ఏ ఊరు? ఎవరి వారు? అతడు తడబడక జవాబు చెప్పుటకు వలసిన మాటలు ఈనాడు మన ఇంటి అరుగుమీద కూర్చున్న అవ్వ నోటిలో ఉన్నవి. ఈ రాత్రి భోజనములైన పిమ్మట ఆమె చెంత కూర్చుండి అడుగుడు.